తుపానుకి పది రోజుల గడువు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ వేళ్ళతో సహా లేచిపోయాయి. చాలా ఊళ్ళకు వారం దాటినా కరెంటు రాలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద విరుచుకుపడి, పనిలో పనిగా విజయనగరాన్నీ పలకరించి పోయింది. అక్టోబరు వచ్చిందంటే మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పండగ బట్టల కంటే ముందు వాతావరణ శాఖ బులెటిన్ చూసుకుంటాం. తుపానుల సంగతి మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అయినా మనకి తెలియనిది ఒకటుంది. తుపానుకి కంప్యూటరు పడిపోతే ఏడాదికి పది రోజులే సెలవు.

ఈ మాట ఒరాకిల్ కంపెనీ లైసెన్సు కాగితంలో ఉంది. డేటాబేసు కొన్న ఆసామి సర్వరు చెడిపోతే, పక్కనున్న లైసెన్సు లేని స్పేరు సర్వరు మీద పని నడుపుకోవచ్చట. ఏడాది మొత్తానికి పది రోజులు. మంగళవారం రెండు గంటలు, శుక్రవారం మూడు గంటలు నడిపితే మనం ఐదు గంటలంటాం. వాళ్ళు రెండు రోజులంటారు. అసలు సర్వరు బాగవగానే బుద్ధిగా దాని మీదికి వచ్చేయాలి. పదకొండో రోజు కూడా ఉద్దానానికి కరెంటు రాకపోతే అది ఉద్దానం తప్పు.

ఆ పది రోజుల దయకి కూడా ఒక షరతుంది. రెండు సర్వర్లూ ఒకే డిస్కుల పెట్టెను పంచుకోవాలి. అంటే మామూలుగా ఒకే గది, ఒకే కప్పు. కప్పు ఎగిరిపోతే రెండూ కలిసి తడుస్తాయి. సముద్రానికి దూరంగా ఏ బొబ్బిలిలోనో రెండో సర్వరు పెట్టి, దానికి వేరే డిస్కు పెట్టి, ఎప్పటికప్పుడు కాపీ చేసుకుందామనే ముందుచూపు మీకుంటే ఈ పది రోజులు మీకు వర్తించవు. రెండోదానికీ మొదటిదానికి కట్టినంతా కట్టాలి. బ్యాకప్ టేపు పనిచేస్తుందో లేదో వేరే మిషను మీద పరీక్షించుకోవడానికి మాత్రం ఏడాదికి నాలుగుసార్లు, సారికి రెండు రోజులు మించకుండా, అనుమతి ఉంది. మునిగేవాడికి రాయితీ, గట్టున నిలబడేవాడికి జరిమానా. ఇంత చక్కటి విపత్తు నిర్వహణ ప్రణాళిక కలెక్టరాఫీసులో కూడా ఎవరూ రాసి ఉండరు.

డేటాబేసు అనేదాన్ని చూసి భయపడాల్సిన పని లేదు. అది లెక్కల పుస్తకం. వందమంది ఒకేసారి రాసినా గజిబిజి కాకుండా, మధ్యలో కరెంటు పోయినా సగం పద్దు మిగలకుండా చూసుకునే పుస్తకం. ఆసుపత్రిలో చీటీలు, కాలేజీలో ఫీజులు, సహకార సంఘంలో అప్పులు, గుడిలో టికెట్లు, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో సరుకు, నెల్లిమర్ల జనపనార మిల్లులో హాజరు, ఏదైనా రాసుకోవచ్చు. పుస్తకానికి రేటు కట్టడంలోనే వింతంతా ఉంది.

ఈ వింతను అర్థం చేసుకోవడానికి పలాస జీడిపప్పు షావుకారు కంటే తగినవాడు లేడు. గ్రేడు అంటే ఏమిటో ఆయనకి బాగా తెలుసు. డబ్ల్యూ 180 అంటే పౌనుకి 170 నుంచి 180 గుళ్ళు తూగే పెద్ద పప్పు. డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320 తూగే చిన్నది. గుప్పిట్లోకి తీసుకుని చూస్తే కళ్ళకే తేడా తెలుస్తుంది, ఆ తేడాకే రేటు. ఈయన దగ్గరికి డేటాబేసు అమ్మే కుర్రాడొకడు టై కట్టుకుని, మే నెల ఎండలో, బ్రోషరుతో విసురుకుంటూ వచ్చాడనుకుందాం.

“ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ అంటే ఏటి బాబూ? పెద్ద పప్పా?”

“అన్నిట్లోనూ అదే పప్పు సార్.”

“మరి స్టాండర్డు?”

“అదీ అదే. కాకపోతే ఆ డబ్బా మూత సగమే తెరుచుకుంటుంది.”

“ఎక్స్‌ప్రెస్సో?”

“అది ఉచితం సార్. పన్నెండు పప్పులు తీశాక మూత దానంతటదే పడిపోతుంది.”

“డెవలపర్ అని ఇంకోటి రాశావు?”

“అది బంగారం సార్. మూత పూర్తిగా తెరుచుకుంటుంది, పైసా అక్కర్లేదు. చూడొచ్చు, వాసన చూడొచ్చు, పిల్లలకి చూపించి పాఠం చెప్పొచ్చు. తినకూడదంతే.”

“సర్లే. కిలో ఎంత?”

“కిలో లెక్క కాదు సార్. తినేవాళ్ళ నోట్లో పళ్ళెన్నో చెప్పండి. పంటికింత.”

“ఓర్నాయనో! నాకు ముప్ఫయి రెండూ ఉన్నాయి.”

“ఇంటెల్ కంపెనీ పళ్ళయితే రెండింటిని ఒకటి కింద లెక్కేస్తాం సార్, కాబట్టి పదహారు.”

“అందులో కొన్ని కట్టుడు పళ్ళు బాబూ. అవీ లెక్కేనేటి?”

“దాని గురించి కాంట్రాక్టులో స్పష్టంగా లేదు సార్. కానీ మా ఆడిటువాళ్ళు, కట్టుడు పళ్ళు ఒకరి నోట్లోంచి ఇంకొకరి నోట్లోకి మారే వీలుంది కాబట్టి, మీ వీధిలో అందరి పళ్ళూ లెక్కపెట్టాలంటారు.”

షావుకారు కుర్రాడికి మజ్జిగ ఇప్పించి పంపించేశాడు. బతికిపోయాడు.

ఇందులో నేను కల్పించింది షావుకారునీ కుర్రాడినీ మజ్జిగనీ మాత్రమే. పన్నెండు పప్పులంటే ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్‌లో పట్టే 12 జీబీల డేటా. పళ్ళంటే ప్రాసెసర్ కోర్లు, చిప్పు లోపల లెక్కలు చేసే ముక్కలు. రెండుకి ఒకటి అనేది ఒరాకిల్ వారి కోర్ ఫ్యాక్టర్ పట్టికలో ఇంటెల్ చిప్పులకి రాసిన 0.5. కట్టుడు పళ్ళంటే వర్చువల్ మిషన్లు. వీఎంవేర్ లాంటి సాఫ్ట్‌వేరుతో ఒక పెద్ద సర్వరును ముక్కలు చేసి, ఒక ముక్క మీద మాత్రమే ఒరాకిల్ నడిపినా, ఆ ముక్క కదిలి వెళ్ళగలిగిన సర్వర్లన్నిటికీ లైసెన్సు కట్టమని వాళ్ళ వాదన. ఈ వాదన మీదే చాక్లెట్లు చేసే మార్స్ కంపెనీ 2015లో అమెరికాలో కోర్టుకెక్కింది. ఆడిటు కోసం ఆ కంపెనీ అప్పగించిన కాగితాలు 2 లక్షల 33 వేల పేజీలు దాటాయి. చివరికి కేసు వెనక్కి తీసుకున్నారు. కోర్టు తీర్పంటూ ఏదీ రాలేదు, కట్టుడు పళ్ళ సంగతి తేలనే లేదు. అంత పెద్ద చాక్లెట్ల కంపెనీకే ఆ గతి పడితే జీడిపప్పు ఎంత?

ఇప్పుడు లెక్క వేద్దాం. జిల్లాలో ఏదో ఒక మధ్యతరహా సంస్థ రెండు సాకెట్ల సర్వరు కొన్నదనుకోండి. సాకెట్ అంటే చిప్పు కూర్చునే గూడు. ఒక్కో చిప్పులో 16 కోర్లు, మొత్తం 32. సగం చేస్తే 16 లైసెన్సులు. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్ ధర పట్టికలో ఒక్కోటి 47,500 డాలర్లు. మొత్తం 7,60,000 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 6 కోట్ల 46 లక్షలు. దీని మీద ఏటా 22 శాతం సపోర్టు, అంటే 1 కోటి 42 లక్షలు. కొన్న సరుక్కి ఏటా శిస్తు.

అదే పెట్టె మీద, అదే గదిలో, అదే ఏసీ కింద స్టాండర్డ్ ఎడిషన్ 2 పెట్టుకుంటే లెక్క మారిపోతుంది. అక్కడ కోర్లు లెక్కపెట్టరు, గూళ్ళు లెక్కపెడతారు. గూటికి 17,500 డాలర్లు, రెంటికి 35,000. అంటే 29 లక్షల 75 వేలు. ఆరున్నర కోట్లెక్కడ, ముప్ఫయి లక్షలెక్కడ! మధ్యలో తేడా ఏమిటంటే, ఈ ఎడిషన్ రెండు గూళ్ళకి మించిన సర్వరు మీద ఎక్కకూడదు, ఎక్కినా 16 థ్రెడ్లకి మించి వాడుకోదు. థ్రెడ్ అంటే కోరు ఒకేసారి నడిపే పని వరస. మీ సర్వరుకి కోరుకి రెండు చొప్పున 64 థ్రెడ్లుంటే 48 గాలి పీల్చుకుంటూ కూర్చుంటాయి. రెండు సర్వర్లని జోడించి ఒకే డేటాబేసులా నడిపే సౌకర్యం పాత వెర్షన్లలో స్టాండర్డుకీ ఉండేది. 19సీ వెర్షన్ నుంచి తీసేశారు. ఎందుకూ అంటే, మూత ఇంకొంచెం బిగించాలనిపించింది.

కోర్ల లెక్క మాకొద్దు, మా ఆఫీసులో 40 మందే ఉన్నారు, మనిషికింత అని కట్టేస్తామంటారా? ఆ దారీ ఉంది. మనిషికి 950 డాలర్లు. కాకపోతే ఎంటర్‌ప్రైజ్‌లో ప్రాసెసరుకి 25 మంది చొప్పున తక్కువలో తక్కువ కట్టాలి. వాళ్ళ లెక్కలో మన పెట్టెకి 16 ప్రాసెసర్లు కాబట్టి 400 మందికి. మీరు 40 మందే అయితే మిగతా 360 మందిని మీరే కనుక్కోవాలి. అన్నట్టు మనిషి ముట్టుకోకుండా తనంతట తానే డేటా పంపే యంత్రం కూడా ఒక మనిషి కిందే లెక్క. షావుకారు గోదాములో తూకం మిషను నేరుగా డేటాబేసుకి బరువు పంపితే అది కూడా ‘పేరున్న యూజరు’. దానికి ఓటు ఒక్కటే తక్కువ.

మైక్రోసాఫ్ట్ వారి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఈ తలల లెక్కకి కాల్ అని పేరు. వాళ్ళు ఇంకొంచెం ముందుచూపున్నవాళ్ళు. మధ్యలో ఒక వెబ్‌సైటు పెట్టి, ఆ ఒక్క వెబ్‌సైటే డేటాబేసుతో మాట్లాడుతోంది కాబట్టి ఒక్క తలే అంటే కుదరదు. వెనకాల ఉన్న తలలన్నీ లెక్కే. ఈ లెక్కన ఏదైనా గుడివాళ్ళు తెలియక ఆన్‌లైన్ టికెట్లకి కాల్ పద్ధతి ఎంచుకుంటే, రథసప్తమి తెల్లవారుజామున అరసవల్లిలోనో, సిరిమానోత్సవం నాడు విజయనగరంలోనో క్యూలో నిలబడ్డ ప్రతి భక్తుడి తలకీ ఒక కాల్ కొనాలి. తలనీలాలు ఇచ్చినవాళ్ళకి మినహాయింపు ఉందని ఎక్కడా రాయలేదు.

ఇవన్నీ కొనేటప్పటి కష్టాలు. కొన్నాక మొదలయ్యే సరదా వేరు.

ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ పెట్టుకోగానే అది మీ డేటాబేసు ఆరోగ్యాన్ని గంటగంటకీ తనే రాసుకుంటుంది. ఏ పని ఎంతసేపు పట్టింది, ఎక్కడ ఆగింది, ఏది ఎక్కువ తింటోంది, అంతా. ఆ దినచర్యకి ఏడబ్ల్యూఆర్ అని పేరు. మీరు అడగలేదు, అదే రాస్తుంది. ఎనిమిది రోజులు దాస్తుంది. అది రాయడం ఉచితం. మీరు చదివితే డయాగ్నస్టిక్స్ ప్యాక్ లైసెన్సు కావాలి. ప్రాసెసరుకి 7,500 డాలర్లు, మన పెట్టెకి 1,20,000 డాలర్లు, కోటీ రెండు లక్షల రూపాయలు. చదవకుండా తాళం వేసే మీట ఒకటుంది. దాన్ని తయారీలోనే తెరిచి పంపిస్తారు. కొత్తగా చేరిన కుర్రాడు సర్వరు నిదానంగా ఉందని ఒక సాయంత్రం ఆ రిపోర్టు తీసి చూశాడనుకోండి. డేటాబేసు లోపల డీబీఏ ఫీచర్ యూసేజ్ స్టాటిస్టిక్స్ అనే పట్టీలో ఆ సంగతి పడుతుంది. ఫలానా ఫీచరు, ఇన్నిసార్లు వాడారు, మొదటిసారి ఫలానా తేదీన, ఆఖరిసారి ఫలానా తేదీన. నేరం చేసినవాడి ఇంట్లోనే, వాడి ఖర్చుతోనే, వాడి కరెంటుతోనే నడిచే పోలీసు డైరీ ఇది. ఇంకో విడ్డూరం చూడండి. స్టాండర్డ్ ఎడిషన్ వాడు డబ్బిస్తానన్నా ఆ ప్యాక్ వాడికి అమ్మరు. వాడికి జబ్బు చేయవచ్చు, జబ్బేమిటో తెలుసుకోకూడదు.

ఆ తర్వాత ఒకరోజు ఉత్తరం వస్తుంది. 45 రోజుల నోటీసుతో ఆడిటు. ఎక్కువ వాడినట్టు తేలితే 30 రోజుల్లో కట్టాలి. ఉత్తరం చివర బేరం కూడా ఉంటుందని అనుభవజ్ఞులు చెబుతారు. పట్టికలో ధర ఒకటి, గదిలో ధర ఇంకొకటి. వాళ్ళ లెక్కల సంవత్సరం మే 31న ముగుస్తుంది కాబట్టి కుర్రాళ్ళు ఎండలో తిరిగేది అప్పుడే. మనవాళ్ళు మాత్రం మార్చి 31కి నిధులు మురిగిపోతాయని హడావుడిగా పూర్తి ధరకి సంతకం పెట్టేసి, రెండు నెలల తర్వాత అదే సరుకు సగానికి దొరుకుతుంటే చూసి ఆనందిస్తారు.

ఈ కంపెనీ పుట్టుకలోనే హాస్యం ఉంది. డేటాను పట్టికలుగా పేర్చే సిద్ధాంతం ఐబీఎంలో పనిచేసిన కాడ్ 1970లో ప్రచురించాడు. దాన్ని సరుకుగా చేసి 1979లో బజారులోకి తెచ్చింది వీళ్ళు. ఆ మొదటి సరుక్కి పెట్టిన పేరు వెర్షన్ 2. వెర్షన్ 1 అంటే ఎవరూ కొనరని ఒకటో అంకెనే దాటేశారు. లైసెన్సులో ఇంకో షరతు, దీని వేగం కొలిచి ఆ ఫలితాలు మా అనుమతి లేకుండా బయటపెట్టకూడదని. 1980ల మొదట్లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డెవిట్ అలా కొలిచి ప్రచురించాక పుట్టిన షరతు ఇది. ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇవాళ మైక్రోసాఫ్ట్ కాగితాల్లోనూ ఉంది. కాటా దగ్గర నిలబడి అంకె చదివితే నేరమనే కొట్టు పలాస బజారులో ఉంటే సాయంత్రానికి అందులో ఈగలు తప్ప ఎవరూ ఉండరు.

ఇక ఉచితం సంగతి. రెండు జిల్లాల్లో ఏ చిన్న ఆసుపత్రి బిల్లింగ్ కౌంటరు వెనక్కి తొంగి చూసినా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ కనిపిస్తుంది. సాఫ్ట్‌వేరు పెట్టి వెళ్ళినవాడు విశాఖలో ఉంటాడు, ఫోను ఎత్తడు. నాలుగేళ్ళు హాయిగా నడుస్తుంది. ఒక సోమవారం పొద్దున్న, బయట జనం కిటకిటలాడుతుంటే, బిల్లు కొట్టగానే తెర మీద ఎర్ర అక్షరాలు పడతాయి. డేటాబేసు పరిమాణం లైసెన్సు పరిమితి 10240 ఎంబీని దాటుతోందట. పక్కనే డిస్కులో 400 జీబీ ఖాళీ. కౌంటరులో అమ్మాయి కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తుంది. మళ్ళీ అదే. లోపల్నుంచి డాక్టరుగారి కేక, బయట రోగుల కేకలు. ఎవరో తెలివైనవాడు వచ్చి, పరిమితి ఒక్కో డేటాబేసుకే కాబట్టి, ఏడాదికో డేటాబేసు చొప్పున ముక్కలు చేసి వెళతాడు. అప్పట్నుంచి పోయినేడు వచ్చిన రోగి పాత చీటీ కావాలంటే “అది పాత కంప్యూటర్లో ఉందండీ” అంటారు. కంప్యూటరు అదే, గోడే కొత్తది.

ఆ గోడ దేనితో కట్టారో కూడా చూడండి. 2005లో 4 జీబీ. 2008 ఆర్‌2 వచ్చేసరికి 10 జీబీ. 2025 వెర్షన్‌లో 50 జీబీ. వాళ్ళు ఇటుక కదిపింది లేదు, ప్రోగ్రాములో ఒక అంకె మార్చారు. పదిహేనేళ్ళు జనం గోడ అనుకుని తల బాదుకున్నది ముగ్గు గీత.

అన్నిటికంటే క్రూరమైనది ఇంకోటుంది, దాని గురించి ఎవరూ కేకలు వేయరు. ఈ ఉచిత ఎడిషన్‌లో, రాత్రి ఫలానా గంటకి బ్యాకప్ తీయి అని చెప్పి పడుకునే ఏజెంట్ ఉండదు. విండోస్‌లో వేరే ఏర్పాటు చేసుకోవచ్చు, ఎవరు చేస్తారు? బ్యాకప్ రోజూ పడుతోందనే అందరి నమ్మకం. తుపాను వచ్చి వెళ్ళాక ఆ నమ్మకం తేలుతుంది, గదిలో కుర్చీలతో పాటు.

ఇంతసేపూ కంపెనీలని తిట్టి మనల్ని వదిలేస్తే అన్యాయం. లైసెన్సు అంటే మనకి హెల్మెట్ లాంటిది, పోలీసు కనపడితే పెట్టుకుంటాం. ఎస్‌క్యూఎల్ సర్వర్ డెవలపర్ ఎడిషన్ 2016 నుంచి ఉచితం, నేర్చుకోవడానికీ పరీక్షించడానికీ మాత్రమే అని కాగితంలో రాసి ఉంది. దాని మీద వేలమంది ఫీజులు వసూలు చేసే కాలేజీలు ‘మేము పదేళ్ళుగా పరీక్షిస్తూనే ఉన్నాం’ అని వాదించగలవు. లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీని చూడండి. దానికీ ఎడిషన్లున్నాయి. సిల్వర్ 22,500, గోల్డ్ 67,500, పైన జీఎస్టీ. ఒక కంప్యూటరుకా, ఆఫీసులో అన్నిటికా, అంతే తేడా. అడిగితే గుమాస్తా కూడా చెప్పగలడు, అందుకు మెచ్చుకోవాలి. లైసెన్సు లేకపోతే అది ఎడ్యుకేషన్ మోడ్‌లో తెరుచుకుంటుంది. అందులో పద్దులు 1, 2, 31 తేదీల్లోనే వేయగలరు. మన పట్టణాల్లో ట్యాలీ కోర్సు చేసిన పిల్లల చేతి పుస్తకాలు తిరగేయండి. వాళ్ళ వ్యాపార ప్రపంచంలో సరుకు వచ్చేది ఒకటో తేదీన, అమ్మేది రెండో తేదీన, జీతాలు 31న. మూడు నుంచి ముప్ఫయి దాకా దేశమంతా బంద్. ఆ మోడ్‌లోనే అసలు వ్యాపారం కూడా నడిపించే మహానుభావులున్నారు. జీఎస్టీ అధికారికి వాళ్ళ లావాదేవీల క్రమశిక్షణ చూసి కళ్ళనీళ్ళు వస్తాయి.

డేటాబేసు చదువు ఇంకా ఘనం. ఫలక్‌నుమా ఎక్కి, లేదా విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పలాస నుంచీ ఆమదాలవలస నుంచీ విజయనగరం నుంచీ ఏళ్ళ తరబడి మన పిల్లలు హైదరాబాదు అమీర్‌పేట వెళ్ళారు. మైత్రీవనం చుట్టూ గోడలకి అతికించిన ఒరాకిల్ డీబీఏ కోర్సు కాగితాల కింద గోడ రంగేమిటో ఎవరికీ తెలియదు. అక్కడ స్కాట్ అనే యూజరు, టైగర్ అనే పాస్‌వర్డు. స్కాట్ ఆ కంపెనీ తొలి ఉద్యోగుల్లో ఒకడు, టైగర్ వాళ్ళింటి పిల్లి. ఈఎంపీ అనే పట్టికలో 14 మంది ఉద్యోగులు, వాళ్ళకి కింగ్ అధ్యక్షుడు, జీతం 5,000. ఆ 14 మంది జీతాలు పెంచీ తగ్గించీ ఆరోహణ క్రమంలో పేర్చీ మన తరం బతుకుతెరువు నేర్చుకుంది. నేర్చుకోవడానికి ఆ సాఫ్ట్‌వేరు ఉచితం. పిల్లలు దాన్నే నేర్చుకుంటారు, ఉద్యోగాల్లో చేరి దాన్నే కొనమంటారు, కొన్నాక ఉచితం కాదు. పధ్నాలుగు మంది ఉద్యోగులకి సరిపోయే చదువుతో వెళ్ళి ఆరున్నర కోట్ల సలహా ఇస్తాం.

టెండరు కాగితాల్లో ఈ చదువు పరాకాష్ఠకి చేరుతుంది. ‘ఎంటర్‌ప్రైజ్ శ్రేణి డేటాబేసు’ అని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని ఏ పాత టెండరు నుంచి ఎత్తి రాశారో రాసినవాళ్ళకే గుర్తుండదు. ఎన్ని జీబీల డేటా ఉంది అని అడగండి. చెప్పలేరు. ఒకేసారి ఎంతమంది వాడతారు? చెప్పలేరు. ఎంటర్‌ప్రైజ్ ఎందుకు? “పెద్దది కదండీ!” ఆఫీసు పెద్దదా, అధికారి పెద్దవాడా, కమీషన్ పెద్దదా అని మనం అడగకూడదు.

పోస్ట్‌గ్రెస్ అని ఒకటుంది. 1986లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో స్టోన్‌బ్రేకర్ మొదలుపెట్టాడు. 1996 నుంచి అసలు పేరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, వాడుకలో పోస్ట్‌గ్రెస్సే. దాని లైసెన్సు మొత్తం ఒక పేజీలో సరిపోతుంది, కాఫీ చల్లారేలోపు చదివేయొచ్చు. ఎడిషన్లు లేవు. కోర్లూ గూళ్ళూ తలలూ తూకం మిషన్లూ లెక్కపెట్టరు. ఒక్క పట్టికే 32 టీబీ దాకా పెరగవచ్చు. రెండో సర్వరు బొబ్బిలిలో పెట్టుకోండి, మూడోది రాయగడలో పెట్టుకోండి, ఏడాది పొడుగునా నడుపుకోండి, ఎవరూ ఉత్తరం రాయరు. ఇలాంటి ఉచిత ఓపెన్ సోర్స్ సరుకు చిన్నవాళ్ళది అనేవాళ్ళకి ఒక్కటే జవాబు. వంద కోట్లు దాటిన జనాన్ని నమోదు చేసిన ఆధార్ వ్యవస్థను మైఎస్‌క్యూఎల్, హెచ్‌బేస్ లాంటి ఓపెన్ సోర్స్ సరుకు మీదే కట్టారు. మండలంలో ఉన్న జనం కోసం మనకి అంతకంటే పెద్దది కావాలట. మైఎస్‌క్యూఎల్ 2010లో సన్ కంపెనీతో పాటు ఒరాకిల్ చేతికే వెళ్ళింది. దానికీ ఇప్పుడు కమ్యూనిటీ, ఎంటర్‌ప్రైజ్ అని రెండు మూతలున్నాయి, కాబట్టి అక్కడ కళ్ళు తెరుచుకుని ఉండాలి.

ఎంటర్‌ప్రైజ్ ఎవరికీ అక్కర్లేదని నేననను. దేశమంతా శాఖలున్న బ్యాంకుకి, ఒక్క నిమిషం ఆగితే కోట్లు పోయేవాడికి, దశాబ్దాల ప్రోగ్రాములు దాని మీదే రాసుకుని కదల్లేనివాడికి అది తప్పదు. మంచి సరుకే. నా గొడవంతా పది జీబీల ఆఫీసుకి దాన్ని అంటగట్టేవాడితోనూ, కట్టించుకుని మురిసిపోయేవాడితోనూ. పోస్ట్‌గ్రెస్ దానంతటదే నడవదు, దాన్ని చూసుకునే మనిషి కావాలి అంటారు. నిజమే. పైన వేసిన లెక్కలో ఏటా సపోర్టు కింద పోయేది 1 కోటి 42 లక్షలు. నెలకి 50 వేల జీతంతో 23 మందిని పెట్టుకోవచ్చు. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో ఉన్నారు, రాజాంలో ఉన్నారు, విజయనగరం గురజాడ జేఎన్‌టీయూలో ఉన్నారు. రైలెక్కక ముందే పిలవండి.

కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. కేంద్ర సంస్థలు టెండరులో ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యం ఇవ్వాలి, వద్దనుకుంటే కారణం చెప్పాలి. ఇష్టపడ్డ రాష్ట్రాలూ పాటించవచ్చు. కాబట్టి పాఠకులకి ఒక మనవి. మీ ఊళ్ళో ఏ ప్రభుత్వ కార్యాలయంలోనో, విశ్వవిద్యాలయంలోనో ఏసీ గదిలో సర్వరు మినుకుమినుకుమంటుంటే సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టండి. ఏ డేటాబేసు, ఏ ఎడిషన్, ఎన్ని కోర్లకి కట్టారు, ఏటా సపోర్టు ఎంత, డేటా ఎన్ని జీబీలు, తుపానుకి రెండో కాపీ ఎక్కడుంది, ఉచితమైనది ఎందుకు వద్దనుకున్నారో రాసిన ఫైలు నకలు ఇవ్వండి అని అడగండి. ముప్ఫయి రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు రుసుముకి మన రాష్ట్రంలో మూడు ఎడిషన్లున్నాయి. గ్రామ స్థాయిలో ఉచితం, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన ఎక్కడైనా 10 రూపాయలు.